దించని కాయిలోవర్లు

కాయిలోవర్లు వేయించిన కారు ఆటోనగర్‌లో ఎక్కడ ఆగినా, చూడ్డానికి వచ్చినవాళ్లు ముందుగా టైరుకీ ఫెండరుకీ మధ్య వేళ్లు పెట్టి కొలుస్తారు. రెండు వేళ్లు పడితే బాగా దించావంటారు. చెయ్యంతా పట్టేస్తే, మరి ఏం మార్పించుకున్నావని అడుగుతారు. నా స్విఫ్ట్‌లో చెయ్యంతా పడుతుంది. షోరూమ్ నుంచి వచ్చిన రోజు ఎంత ఎత్తులో ఉందో ఇప్పుడూ అంతే ఎత్తులో ఉంది. కాయిలోవర్లంటే ఎత్తు మార్చుకునే సస్పెన్షన్, అది కొని ఎత్తు మార్చకపోతే డబ్బు దండగ కదా అని మిత్రులు అంటూనే ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. చక్రం పైకీ కిందికీ ఆడేందుకు కారు కింద ఉన్న చోటు చాలా కొద్ది. ఆ చోటును పోగొట్టుకోకుండా కారు ఊపును అదుపులోకి తెచ్చుకోగలిగితేనే మన రోడ్ల మీద ఈ సామానుకు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.

స్విఫ్ట్‌కు ముందువైపు ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ 1940లలో రూపొందించిన పద్ధతి. స్ప్రింగు, షాకర్ (షాక్ అబ్సార్బర్), స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరగడానికి ఆధారం, ఈ మూడూ ఒకే నిలువు గొట్టం మీద ఉంటాయి. చోటూ ఖర్చూ తక్కువ కాబట్టి చిన్న కార్లలో చాలావాటికి ఇదే దిక్కయింది. వెనక టోర్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనూ కలుపుతూ మెలి తిరిగే అడ్డదూలం. అక్కడ స్ప్రింగు ఒకచోట, షాకర్ ఒకచోట. కాబట్టి కిట్టు పెట్టె మీద నాలుగు చక్రాల కాయిలోవర్లని రాసి ఉన్నా, స్ప్రింగు షాకర్ ఒంటి మీదే కూర్చునే అసలు కాయిలోవర్లు ముందున్న రెండే. వెనక ఎత్తు మార్చాలంటే స్ప్రింగు కింద ఉన్న మరచట్రాన్ని తిప్పాలి, షాకర్ పొడవును దానికి తగ్గట్టు విడిగా చూసుకోవాలి. ఈ తేడా తెలియని చేతుల్లో పడితే ముందు బాగా కుదిరి వెనక బండి ఎగిరెగిరి పడుతుంది.

ముందు స్ట్రట్ ఎత్తు మార్చడానికి కిట్టును బట్టి రెండు దారులుంటాయి. మొదటిది, స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని మరల మీద పైకో కిందికో తిప్పడం. రెండోది, స్ట్రట్ అడుగున ఉన్న బ్రాకెట్‌ను తిప్పి మొత్తం గొట్టం పొడవునే మార్చడం. పళ్లేన్ని పైకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది మెకానిక్కులే నమ్ముతారు. లెక్క చూద్దాం. ముందు ఒక చక్రం మీద పడే బరువు సుమారు 250 కిలోలు అనుకుందాం. కిట్టు స్ప్రింగు 5 కేజీలది, అంటే ఒక మిల్లీమీటరు కుంగడానికి 5 కిలోలు కావాలి. కారు దాని మీద కూర్చుంటే 50 మిల్లీమీటర్లు కుంగుతుంది. పళ్లేన్ని తిప్పి ముందే 10 మిల్లీమీటర్లు నొక్కి పెట్టామనుకోండి. కారు బరువు పడ్డాక మొత్తం కుంగేది అదే 50. కాకపోతే అందులో 10 మనం ముందే నొక్కేశాం కాబట్టి కారు 10 మిల్లీమీటర్లు ఎత్తుగా నిలబడుతుంది. స్ప్రింగు గట్టిదనం అణువంత కూడా మారలేదు. మారింది చక్రానికి మిగిలిన చోటు. పైకి నొక్కుకోవడానికి 10 పెరిగింది, గుంతలోకి జారడానికి 10 తగ్గింది. పళ్లెం తిప్పి కారును దించినప్పుడు ఇది తిరగబడుతుంది. పైకి నొక్కుకునే చోటు తరిగి, చిన్న గుంతకే షాకర్ వెళ్లి రబ్బరు దిమ్మెకు గుద్దుకుంటుంది. ఆ దెబ్బను జనం ‘స్పోర్టీగా గట్టిగా ఉంది’ అని మెచ్చుకోవడం విన్నప్పుడల్లా నాకు బాధనిపిస్తుంది. వాళ్లకు తగులుతున్నది స్ప్రింగు గట్టిదనం కాదు, చోటు అయిపోవడం.

స్ప్రింగు విషయం ఇంకొంచెం చెప్పాలి. 250 కిలోల కింద 5 కేజీల స్ప్రింగు పెడితే కారు ముక్కు సెకనుకు దాదాపు 2.2 సార్లు ఊగుతుంది. 3 కేజీలదైతే 1.7. మామూలు కుటుంబపు కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. కూర్చున్న మనిషి శరీరానికి నిలువు కుదుపుల్లో బాగా ఇబ్బంది పెట్టేవి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి. స్ప్రింగు గట్టిపడేకొద్దీ ఆ ఇబ్బందుల ఇలాకాకు దగ్గరవుతూ పోతాం. ముందూ వెనకల మధ్య పొత్తు కూడా ఉండాలి. రోల్స్ రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కు వెళ్లిన మారిస్ ఓలీ 1930లలోనే ఈ సంగతి తేల్చాడు. గతుకు ముందు చక్రాలకు తగిలిన కాసేపటికి గానీ వెనక చక్రాలకు తగలదు. కాబట్టి వెనక భాగం కాస్త వేగంగా ఊగేలా స్ప్రింగులు ఎంచితే, ఆలస్యంగా మొదలైన వెనక ఊపు ముందు ఊపును అందుకుంటుంది. కారు ముక్కు ఎత్తీ దించీ ఊగకుండా మొత్తంగా లేచి మొత్తంగా దిగుతుంది. అమ్మకానికి ఉన్న కిట్లలో ముందు మరీ గట్టిగా, వెనక మెత్తగా ఉన్నవి తగులుతుంటాయి. కిట్టు స్ప్రింగు అంకెలు అడిగి తెలుసుకోండి. డబ్బు కట్టే ముందే ముందూ వెనకలకు ఈ లెక్కలు చేసుకోవచ్చు. నేను ముందు మెత్తని స్ప్రింగులున్న కిట్టునే ఏరుకున్నాను.

ఇక బిగింపు. ఆటోనగర్‌లో నాకు చేసిపెట్టిన మేస్త్రి తొందరపడే మనిషి కాదు. ముందు స్ట్రట్‌కు క్లిప్పులతో పట్టి ఉన్న బ్రేక్ హోస్‌నూ ఏబీఎస్ తీగనూ విడిపించాడు. అవి లాగుడుకు తెగితే సస్పెన్షన్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. తర్వాత లింక్ రాడ్డు, ఆపైన స్టీరింగ్ నకిల్‌ను స్ట్రట్‌కు పట్టి ఉంచే రెండు పెద్ద బోల్టులు. పాత స్ట్రట్ నుంచి స్ప్రింగు విప్పాల్సి వస్తే కంప్రెసర్ లేకుండా పైనట్టు ముట్టుకోకూడదు. అందులో నిలవున్న శక్తి మనిషి ప్రాణం తీయగలదు. కొత్తదానికి పైనట్టు బిగించేటప్పుడు ఎయిర్ గన్ పెట్టనివ్వలేదాయన. గన్ తిప్పితే షాకర్ కడ్డీ కూడా గిరగిరా తిరిగి లోపలి సీలు దెబ్బతింటుంది. కడ్డీ తల్లో అలెన్ కీ పెట్టి కదలకుండా పట్టుకుని, చేతి పానాతోనే బిగించాడు.

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం చివరి దశలో. బండి ఇంకా స్టాండ్ల మీద ఉంది, చక్రాలు వేలాడుతున్నాయి. కుర్రాడు లోయర్ ఆర్మ్ బుష్ బోల్టు బిగించబోతుంటే ఆపాడు.

“గాల్లో బిగించకురా. బరువు దించినాక బిగించు.”

“ఎందుకన్నా, ఇప్పుడైతే చెయ్యి బాగా పడుతుంది.”

“బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అంటుకుని ఉంటది. ఇప్పుడు బిగిస్తే చక్రం వేలాడే చోటే దానికి సొంత చోటయితది. బండి దిగినాక పొద్దస్తమానం మెలిపడే ఉంటది. ఆర్నెల్లకు చిరుగుతది.”

వెనక బీమ్ బుష్‌లదీ ఇదే సంగతి. బరువు చక్రాల మీద ఉండగా, కారు మామూలుగా నిలబడే ఎత్తులో బిగించాలి. కిట్టు వేయించాక కారు గట్టిగా అయిపోయిందనీ కిర్రుమంటోందనీ వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని షాకర్లవి కావు, గాల్లో బిగించిన బుష్‌లవి. అలైన్‌మెంట్ వెంటనే ఒకసారి చేయించాలి, స్ప్రింగులు సర్దుకునే దాకా కొన్నాళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి. నకిల్‌ను స్ట్రట్‌కు పట్టి ఉంచే ఆ రెండు పెద్ద బోల్టులు విప్పితేనే ముందు చక్రాల వాలు మారిపోతుంది. వెనక బీమ్‌లో మాత్రం వాలుకీ టో కోణానికీ సర్దుబాటు ఉండదు, వచ్చింది వచ్చినట్టే.

బిగించడం ఒక పగటి పని. ఎలా ఉందో తేల్చుకోవడానికి నెలలు పడుతుంది, నాకు ఇష్టమైన భాగం అదే. షాకర్ తలమీద ఉన్న చిన్న మరను తిప్పితే క్లిక్కు క్లిక్కుమంటుంది. పూర్తిగా బిగించిన చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ప్రతిసారీ అక్కడి నుంచే మొదలుపెడితే నాలుగు మూలలూ ఒకే లెక్కలో ఉంటాయి. ఆ మర లోపల ఒక సూది నూనె పోయే సన్నని దారిని మూస్తుంది, తెరుస్తుంది. కడ్డీ మెల్లగా కదిలే సందర్భాల్లోనే ఆ దారికి పెత్తనం. మలుపులో కారు ఒరగడం, బ్రేకు వేస్తే ముక్కు వంగడం, స్పీడ్ బ్రేకర్ దిగాక మిగిలే ఊపు ఇలాంటివి. పదునైన గుంతలో కడ్డీ దూసుకుపోయినప్పుడు నూనె పిస్టన్ మీది పలుచని రేకుల కవాటాలను తోసుకుంటూ పోతుంది. ఆ రేకులను కంపెనీ ఎలా పేర్చిందో అదే ఖాయం. కాబట్టి గుంతలో నడుం అదిరే కిట్టును క్లిక్కులతో మెత్తన చేయగలిగేది చాలా కొంచెం. కొనే ముందు ఆ కిట్టు వేసిన కారులో ఎక్కి గుంతల రోడ్డు మీద తిరిగి చూడమని నేను చెప్పడానికి కారణం ఇదే.

పరీక్షకు దారులు హైదరాబాదులోనే ఉన్నాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్ల పొడవునా వంతెన అతుకులు వరసగా వస్తాయి. ఒకే వేగంతో వాటిని దాటుతూ పోతే ముందూ వెనకల పొత్తు ఎలా ఉందో సీటుకే తెలుస్తుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద లేన్ మారినప్పుడు కారు ఒరిగి ఎన్నిసార్లు ఊగి నిలిచిందో చూస్తాను. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ మలుపులు మూడో పరీక్ష. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి ఒకే లెక్కకు పెట్టి, కారులో మనుషులు అంతే ఉండేలా చూసుకుని, ఒకసారికి ఒక్కటే మార్చి, నోటుపుస్తకంలో రాసుకుంటాను. రెండు సంగతులు ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో ఎప్పటికీ తెలియదు.

వెనక సీటు అభిప్రాయం తప్పనిసరి. డ్రైవరు స్టీరింగ్ పట్టుకుని ఉంటాడు, రాబోయే గతుకు కంటికి కనబడుతుంది, ఒళ్లు ముందే సిద్ధమవుతుంది. వెనక కూర్చున్నవాళ్లకు ఆ అవకాశం లేదు. క్లిక్కులు బాగా బిగించి అమ్మను తీసుకెళ్లినప్పుడు, “ఊగట్లేదు నాన్నా, కానీ రంబుల్ పట్టీలు వచ్చినప్పుడు కిందికి కూరుకుపోతున్నట్టుంది” అంది. అది అక్షరాలా జరిగే పనే. గతుకు వెంట గతుకు వస్తున్నప్పుడు, నొక్కుకున్న షాకర్ తిరిగి సాగడాన్ని మరీ బిగపడితే, చక్రం కిందికి దిగేలోపు రెండో దెబ్బ తగులుతుంది. ప్రతి దెబ్బకూ కారు ఇంకొంచెం కుంగుతూ, చివరికి రబ్బరు దిమ్మె మీద నడుస్తుంది. వెనక క్లిక్కులు కొన్ని వదిలాక అమ్మ ఆ మాట మళ్లీ అనలేదు. గట్టిగా ఉంటే అదుపు బాగుంటుందన్న నమ్మకం ఎంత దూరం నిజమో ఆ రంబుల్ పట్టీల దగ్గర తేలిపోతుంది.

ఎత్తు దగ్గరికి తిరిగి వస్తాను. 2018లో వచ్చిన స్విఫ్ట్‌కు గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసిపెట్టింది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా. స్విఫ్ట్ ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2.45 మీటర్లు. కాబట్టి నిబంధన ప్రకారం కట్టిన దిబ్బ మీద కారు మొత్తంగా ఎక్కి మొత్తంగా దిగుతుంది. మన కాలనీల్లో ఉన్నవి ఆ కొలతకు ఏమాత్రం సరిపోవు. ఇరుకైనవి, నిటారైనవి. ముందు చక్రాలు దాటి వెనకవి ఎక్కక ముందు ఆ దిబ్బ సరిగ్గా కారు పొట్ట కింద ఉంటుంది. జపాన్‌లో తనిఖీకి 9 సెంటీమీటర్ల క్లియరెన్స్ ఉంటే చాలు, అక్కడి రోడ్డు అలాంటిది. అక్కడి అందాన్ని ఇక్కడికి తెచ్చుకుని నలభై మిల్లీమీటర్లు దించితే ప్రతి సందు మలుపులోనూ దానికి మూల్యం చెల్లిస్తాం. పైగా స్ట్రట్ కారును బాగా దించితే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి జారుతుంది. ఒరగడానికి మీట పొడవు పెరుగుతుంది. గట్టి స్ప్రింగు వేసి సంపాదించిన దాంట్లో కొంత ఇక్కడే పోతుంది. గతుకు మీద చక్రం తనంతట తాను కొద్దిగా పక్కకు తిరిగే జబ్బు కూడా మొదలవుతుంది.

చట్టం సంగతి చెప్పకుండా ఈ కాలమ్ ముగించడం పాఠకులకు అన్యాయం. వాహనం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కిట్టు కొనే ముందే రవాణా కార్యాలయంలో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. పాత స్ట్రట్లు అమ్మేయకండి. నావి నూనె రాసిన గుడ్డలో చుట్టి అటక మీద ఉన్నాయి.

కారు లక్ష కిలోమీటర్లు తిరిగి ఉంటే ముందు కంపెనీ షాకర్లు, బుష్‌లు, పై మౌంట్లు కొత్తవి వేయించి కొన్నాళ్లు నడపండి. అరిగిపోయిన సామానుతో పోల్చి కిట్టును మెచ్చుకోవడం సరైన పోలిక కాదు. ఆ తర్వాత కూడా ఘాట్‌లో ఊపు ఇబ్బంది పెడుతుంటే అప్పుడు కిట్టు గురించి ఆలోచించవచ్చు. వేయించుకున్నవాళ్లు వానాకాలం ముందోసారి, తర్వాతోసారి మరల మీది మట్టి బ్రష్షుతో తీసి, గ్రీజు రాసి, లాక్ రింగులు బిగువుగా ఉన్నాయో లేదో పానా పెట్టి చూసుకోవాలి. ఒక్క వర్షాకాలం వదిలేస్తే ఆ మరలు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, ఇక ఆ కిట్టు ఎత్తు మార్చుకునే కిట్టు కాకుండా పోతుంది.