మూసారాంబాగ్ కథలో లేనివాళ్లు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దిక్కు పోతుంటే అస్మాన్‌గఢ్ గుట్ట వస్తది. 1885లో పాయిగా ప్రభువు అస్మాన్ జా ఇక్కడ కోట తీరున మహలు కట్టించుకున్నాడు. అంతకు చాలా ముందే గుట్ట మీద నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి వెలిసింది. ఆయన 1798 మార్చి 25న చనిపోయాడు. ఇవాళ అది ప్రభుత్వ రక్షిత కట్టడం, చూడదగ్గ చోటు.

చూడవచ్చినవాళ్లకు చెప్పే కథ ఒకటుంది. హిందువులు ఆయన్ని మూసా రాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు, అంతగా ప్రేమించారు అని. మూసారాంబాగ్ పేరు ఆయనదే. సామరస్యాన్ని మేం కాదనడం లేదు. మా ప్రశ్న ఒక్కటే: ఈ కథలో 'హిందువులు' ఎవరు? గుడిలోకి రానివ్వని, బావి తాకనివ్వని మనిషిని ప్రేమ లెక్కలో మాత్రం హిందువుగా కలిపేశారా?

రేమండ్ పటాలంలో సుమారు 14,000 మంది. పటాలమంటే తుపాకులొక్కటే కాదు. జీను, వారు, చెప్పు, నీళ్లతిత్తి, కొలిమితిత్తి అన్నీ తోలే. తెలుగు నేల మీద తోలుపని ఎవరిదో వేరే చెప్పాలా? ఫిరంగుల కార్ఖానా వల్ల గన్‌ఫౌండ్రీ పేరొచ్చింది. కొలిమి ఊదినవాడి పేరు ఏ గల్లీకీ లేదు.

కథలో చెప్పని ఘట్టం ఇంకొకటి. 1798 సెప్టెంబరు ఒప్పందంతో నిజాం ఇంగ్లీషు కంపెనీ చేతికి చిక్కాడు. అక్టోబరులో పటాలాన్ని రద్దు చేస్తుంటే సిపాయిలు బకాయి జీతాల కోసం తమ ఫ్రెంచి అధికార్లనే నిర్బంధించారు. సేనాని మీది ప్రేమను పదేపదే చెప్పేవాళ్లకు జీతం కోసం జరిగిన ఈ తిరుగుబాటు ఎందుకు గుర్తుకురాదు?

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ స్టేషన్లు వస్తాయి. ఒక రాణి, ఒక భూస్వామి, ఒక సేనాని! పొద్దున్నే చౌరస్తాలో తట్టా పారా పట్టుకొని నిలబడే కూలీల తాతముత్తాతలకు మాత్రం ఈ దారిలో ఒక్క గుర్తూ లేదు.

2001 వానలకు సమాధి దగ్గరి మంటపం కూలితే ప్రభుత్వం మళ్లీ కట్టించింది. కట్టించాల్సిందే. అక్కడి బోర్డు మీద ఆ రాళ్లు మోసినవాళ్ల గురించి రెండు వాక్యాలు రాయాలని కూడా మేం అడుగుతున్నాం. ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లల్ని ఆ గుట్ట ఎక్కించండి. కట్టించిందెవరో పుస్తకం చెప్తది. కట్టిందెవరో ఇంటికిపోయి తాతల్ని అడగమనండి.