తెర మీద వేసిన జడ

మొన్న మా ఊరు కూచిపూడి వెళ్లినప్పుడు, మొవ్వ రోడ్డులో టీ బడ్డీ దగ్గర మా మేనత్త కొడుకు అడిగాడు: “అమరావతిలో ఆ క్వాంటం కంప్యూటరు వచ్చిందంటే బ్యాంకు తాళాలన్నీ ఊడొచ్చేస్తాయంట కదా బావా? ధాన్యం డబ్బులు ఖాతాలో ఉంచమంటావా, తెచ్చి బీరువాలో పెట్టమంటావా?”

హైదరాబాదులో నా బతుకుదెరువు ఆ తాళాలే. బ్యాంకులవాళ్లు కొత్త యాప్ కట్టుకుంటే, దొంగ ఎటునుంచి దూరతాడో ముందే దూరి చూసి రిపోర్టు రాసివ్వడం నా పని. మా అమ్మ ఇరుగుపొరుగుతో “బ్యాంకుల్లో తాళాలు చూస్తాడు” అంటుంది. ఇన్నేళ్లలో నేను అంతకంటే బాగా చెప్పలేకపోయాను.

ఉంచమనే చెప్పాను. అమరావతికి ఐబీఎం తెస్తామన్న యంత్రంలో ఉండేవి 156 క్యూబిట్లు, అంటే క్వాంటం బిట్లు. బ్యాంకులు ఇవాళ వాడే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళాన్ని వారంలోపు పగలగొట్టాలంటే దాదాపు పది లక్షలు కావాలని గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ 2025లో లెక్కగట్టాడు. కాకపోతే వాడికి చెప్పని ముక్క ఒకటుంది. అదే గిడ్నీ 2019లో ఇంకొకరితో కలిసి వేసిన లెక్క రెండు కోట్లు. ఆరేళ్లలో రెండు కోట్లు పది లక్షలకు దిగింది. అందుకే కొత్త తాళాల తయారీ ఎప్పుడో మొదలైంది. అది సాగిన తీరు తలచుకుంటే నాకు మా ఊరి ఆటే గుర్తొస్తుంది.

భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. సత్యభామ ముందు కనపడదు. పాముపడగ, సూర్యచంద్రులతో సింగారించిన పొడుగాటి జడ తెర మీదుగా సభ వైపు వచ్చి పడుతుంది. ఆటలోగానీ శాస్త్రంలోగానీ నన్ను ఓడించే మొనగాడుంటే రండి, ఈ జడ కోసిస్తాననే సవాలు అదని పెద్దలు చెప్పేవాళ్లు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషం కట్టినప్పుడు చిన్నవాణ్ణి, అమ్మ ఒళ్లో సగం నిద్రలో ఉన్నాను. జడ పడ్డాక జనంలో లేచిన గుసగుస మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎవరైనా లేస్తారేమోనని అందరూ ఒకసారి వెనక్కి తిరిగి చూశారు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో వేసింది ఆ జడే. క్వాంటం యంత్రానికి లొంగని తాళాలు ఎవరి దగ్గరున్నా పంపండి, లోపలి అమరికంతా బయటపెట్టండి, పగలగొట్టగలవాళ్లు పగలగొట్టండి అంది. తాళంచెవి ఒక్కటే రహస్యంగా ఉండాలి, తాళం అమరిక శత్రువుకి తెలిసినా నష్టం ఉండకూడదు. 1883లో గూఢలిపి నిపుణుడు కెర్క్‌హాఫ్స్ చెప్పిన ఈ సూత్రం ఇంకా పాతబడలేదు. మొదటి విడతలో 69 పద్ధతులు బరిలోకి దిగాయి. వాటిలో సైక్ అనేది చాలామంది ముద్దుబిడ్డ. దాని చిన్న నమూనా పగలగొడితే 50 వేల డాలర్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది కూడా. 2022లో బెల్జియంలోని లూవెన్ నుంచి కాస్ట్రిక్, డెక్రూ అనే ఇద్దరు లేచారు. బహుమతి పెట్టిన చిన్న నమూనాలనే కాదు, అసలు పోటీకి పంపిన తాళాన్నీ తీశారు. వాడింది మామూలు కంప్యూటరులో ఒక్క కోర్, పట్టింది గంట. ఆసరా చేసుకున్నది 1997 నాటి గణిత సిద్ధాంతం. పాతికేళ్లుగా అందరి కళ్ల ముందూ ఉన్నదే. సైక్ కట్టినవాళ్లు దబాయించలేదు, మా తాళం పనికిరాదని వాళ్లే రాశారు. సభలో జడ కోసిచ్చేశారు.

ఈ కథ చెబితే మా ఆఫీసులో కుర్రాళ్లు సైక్ మీద జాలిపడతారు. నాకు జాలి లేదు. ఆ గంట ఆ తాళాన్ని బ్యాంకుల్లో పెట్టాక వచ్చుంటే ఏమయ్యేది? తట్టుకుని నిలిచినవాటిలో మూడింటిని 2024 ఆగస్టులో ప్రమాణాలుగా ప్రకటించారు.

మన దగ్గర ఈ తాళాల విద్య లేకపోలేదు. హైదరాబాదు మాసబ్‌ట్యాంక్‌లో రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ ఉంది. ఒక బ్యాంకు కార్డు ఇంకో బ్యాంకు ఏటీఎంలో పనిచేయించే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ని 2004లో మొదలుపెట్టింది వాళ్లే, తర్వాత అది జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది. బ్యాంకుల వెబ్‌సైట్ల చివర ఇప్పుడు కనపడుతున్న ‘బ్యాంక్ డాట్ ఇన్’ పేర్లు ఇచ్చేదీ ఆ సంస్థే. విద్య ఉంది, జడ వేసే ధైర్యమే తక్కువ. 2022 జనవరిలో హైదరాబాదు మహేశ్ బ్యాంకులో పన్నెండు కోట్లకు పైగా డబ్బు పోయింది. అక్కడ గణితం చెక్కుచెదరలేదు. సిబ్బందికి వచ్చిన దొంగ మెయిళ్లతో లోపలికి దారి దొరికింది. ఇలాంటి సందులు ముందే కనిపెట్టాలంటే బయటివాళ్లు వెతకాలి, వెతికినవాడికి భయం ఉండకూడదు.

నా అనుభవం ఒకటి చెబుతాను, బ్యాంకు పేరెందుకులెండి. నా సొంత ఖాతా స్టేట్‌మెంటు తెరిచినప్పుడు లింకు చివర ఒక అంకె కనపడింది. వృత్తి దోషం, ఊరుకోలేక ఆ అంకె ఒకటి పెంచాను. ఎవరిదో స్టేట్‌మెంటు వచ్చింది. వెంటనే మూసేసి బ్యాంకుకి రాశాను. వారం తర్వాత వచ్చిన జవాబులో ‘ధన్యవాదాలు’ లేదు, ‘ఎవరి అనుమతితో చూశారు’ అని ఉంది. 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల నంబర్లూ ఉన్నాయి. మంచికోసం చూసినవాడికి ఆ చట్టంలో విడిగా రక్షణ లేదు. సభలోంచి లేచినవాణ్ణి పోలీసుకి పట్టించే ఆటకి ఎవరు లేస్తారు? దొంగ తప్ప!

రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయి దగ్గరా నా బెంగ ఇదే, జడ వేయరేమోనని. 2022 డిసెంబరు 1న మామూలు జనం కోసం ప్రయోగం మొదలైంది. అంతకుముందు అక్టోబరులో తెచ్చిన పత్రంలో, చిన్న మొత్తాలకి నగదులాంటి గోప్యత కొంత ఉండాలని రిజర్వు బ్యాంకే రాసుకుంది. అది జరిగే పని. గూఢలిపి పరిశోధకుడు డేవిడ్ చౌమ్ 1982లోనే దారి చూపించాడు. కవరు లోపల నోటు, నోటు మీద కార్బన్ పేపరు పెట్టి ఇస్తే బ్యాంకు కవరు మీదే సంతకం చేస్తుంది. సంతకం నోటు మీద పడుతుంది, నోటు నంబరు మాత్రం బ్యాంకుకి తెలియదు. 1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ అనే ముగ్గురు పరిశోధకులు ఇంకాస్త ముందుకెళ్లి, రహస్యం బయటపెట్టకుండా అది నా దగ్గరుందని రుజువు చేసే పద్ధతి రాశారు. భామాకలాపంలోనే చెలికత్తె మాధవి నీ మగడి పేరేమిటని ఆటపట్టిస్తుంటే, పేరు నోట రానీకుండా సత్యభామ సైగలతో నెట్టుకొచ్చే ఘట్టం ఉందే, అలాంటిదన్నమాట. చివరికి సత్యభామ చెప్పేస్తుందనుకోండి, పోలిక అక్కడ తెగుతుంది. గణితంలో మాధవి ఎంత అల్లరిపెట్టినా పేరు రాదు. మన రూపాయి గోప్యత అలా లెక్క కాపాడేదిగా ఉండాలిగానీ, చూడంలే అన్న అధికారి మాట మీద నిలబడకూడదు. ఆ అమరిక మొత్తం సభ ముందు పెట్టి, పగలగొట్టండని మన కాలేజీ పిల్లల్ని పిలవాలి.

వేలిముద్ర సంగతి దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. దాచుకోలేం, పోతే మార్చుకోలేం. 2018లో పెద్దపల్లిలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, ఆ దస్తావేజులవాళ్ల పేర్ల మీద సిమ్‌లు తెరిచాడు. తర్వాత అదే ఎత్తు ఆధార్ చెల్లింపులకు పాకింది. ఆ చెల్లింపుకి పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు. పెట్టింది బతికున్న వేలో కాదో చూసే తనిఖీ 2023లో గానీ గట్టిపడలేదు. మా మేనత్త నెలనెలా బ్యాంకు మిత్ర దగ్గర మిషను మీద నాలుగైదుసార్లు వేలు పెట్టి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ పెడుతుంది. “నాట్లేసి నాట్లేసి గీతలు అరిగిపోయాయిరా” అంటుంది. అసలు వేలికి పడని మిషను రబ్బరు వేలికి పడింది.

టీ అయ్యాక బావమరిది ఫోను తీసుకుని, వాళ్లమ్మ ఆధార్‌కి బయోమెట్రిక్ లాక్ పెట్టాను. ఆధార్ యాప్‌లో కుదురుతుంది, ఆధార్‌కి ఫోన్ నంబరు కలిపి ఉండాలి, పైసా ఖర్చు లేదు. అవసరమైన రోజు కాసేపు తీసి, పనయ్యాక మళ్లీ వేసుకోవచ్చు. మీ ఇంట్లో పొలమో స్థలమో రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు ఉంటే ఈ ఆదివారం వాళ్లదీ వేసిపెట్టండి.