విరాటుడి కొలువులో ఏడాది

నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన భారతాన్ని అందుకున్నప్పుడు ఆ మిగిలిన భాగం జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. (అరణ్యపర్వ శేషం తర్వాత ఎర్రన పూర్తి చేశాడు.) ఎందుకలా చేశాడన్నదాని మీద పండితుల వాదాలు ఉన్నాయి, అవి వారికే వదిలేస్తాను. ఇంజనీరింగు చదువుకుని, మిల్టన్‌లో కాపురం ఉంటూ, సాఫ్ట్‌వేర్ పని చేసుకునే నాబోటి పాఠకుడికి మాత్రం ఇంకో సంగతి కనిపిస్తుంది. తిక్కన పదిహేను పర్వాలూ మొదలయ్యేది యుద్ధంతో కాదు. అటు అడవీ ఇటు రాజ్యమూ కాని ఒక మధ్యకాలంతో.

వలస వచ్చిన మనలో చాలామందికి ఇలాంటి కాలం అనుభవమే. 2001లో 31 వేల పైచిలుకు జనం ఉన్న మా మిల్టన్, 2021 నాటికి దాదాపు 1 లక్షా 33 వేలకు పెరిగింది. ఇలా పెరిగిన ఊళ్ళో ఎవరిని కదిపినా ఒకటే మాట: “సెటిలయ్యాక చూద్దాం!” పౌరసత్వానికి అయిదేళ్ళలో 1,095 రోజులు ఇక్కడ ఉండాలి కాబట్టి వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటాం. విరాటపర్వంలో కూడా ఈ లెక్క గొడవ ఉంది. అజ్ఞాతవాసం గడువు తీరిందా లేదా అని కౌరవులు తర్జనభర్జన పడితే, అయిదేళ్ళకు రెండు అధిక మాసాల చొప్పున లెక్కకట్టి, తీరిందని తేల్చినవాడు భీష్ముడు.

అయితే పాండవులు ఆ ఏడాదంతా రోజులు లెక్కపెడుతూ కూర్చోలేదు. తన రాజ్యాన్ని ముంచిన జూదాన్నే ధర్మరాజు కంకుభట్టుగా జీవనోపాధి చేసుకున్నాడు. తిండిపుష్టిగల భీముడు వలలుడై వంటశాల చేరాడు. అర్జునుడు బృహన్నలగా నేర్పిన నాట్యం, అంతకుముందు ఇంద్రలోకంలో ఉన్న రోజుల్లో నేర్చుకున్నదే. అంటే ఒక మధ్యకాలంలో నేర్చిన విద్య మరో మధ్యకాలంలో అక్కరకొచ్చింది. కొలువులో ఎలా మెలగాలో ధౌమ్యుడు చెప్పిన సేవాధర్మాలు ఇవాళ కొత్త ఉద్యోగంలో చేరేవాళ్ళకు అలాగే చదివి వినిపించవచ్చు. ఇక ఆయుధాలంటారా, వాటిని పారేయలేదు, జమ్మిచెట్టు మీద భద్రంగా దాచారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కని నీతికథ. “మధ్యకాలాన్ని సద్వినియోగం చేసుకో” అని పిల్లలకు చెప్పుకోవచ్చు. కానీ తిక్కన మనల్ని ఇక్కడ ఆగనివ్వడు. సైరంధ్రి ఉంది కదా!

అదే ఏడాది ద్రౌపదికి అవకాశం కాలేదు, నరకమయింది. నిండు సభలో కీచకుడు తన్నినా విరాటుడు నోరు మెదపలేదు. భర్తే ఎదురుగా ఉండి, గుట్టు బయటపడకుండా ఆమెనే మందలించాడు. ఆమె ఇచ్చిన జవాబు తెలుగు సాహిత్యంలోని పదునైన ఎత్తిపొడుపుల్లో ఒకటని నా అభిప్రాయం. ఆమె ఓర్చుకోలేదు, రాత్రివేళ వంటశాలకు వెళ్ళి భీముణ్ణి నిద్రలేపింది. కీచకుడు చచ్చాక, రాణి సుధేష్ణను ఆమె అడిగిన గడువు పదమూడు రోజులు. గడువు అంత దగ్గర పడ్డా, గుట్టు రట్టయ్యే ప్రమాదం ఉన్నా, ఓర్చుకోకూడనిది ఓర్చుకోనక్కర్లేదని ఈ కథ చెబుతోంది. 1963లో వచ్చిన “నర్తనశాల”లో సావిత్రిని చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పాలా?

మన సంగతికొద్దాం. ఇక్కడి మధ్యకాలం అంతా విధి రాసింది కాదు, కొంత మనుషులు పెట్టిన నిబంధన. ఆంటారియోలో ఇంజనీరు లైసెన్సుకు “కెనడా అనుభవం” కావాలన్న షరతును 2023లో తీసేశారు. పాతికమంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు ఉద్యోగ ప్రకటనల్లో ఆ మాట రాయకూడదన్న చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎవరూ అడగకుండా, “ఓర్చుకోండి” అన్న సలహాతోనే సరిపెట్టుకుని ఉంటే ఇవి మారేవా?

ఇంకోమాట. భర్త ఉద్యోగం కుదురుకునేదాకా, పిల్లలు బడికెళ్ళేదాకా అంటూ ఎన్నో ఇళ్ళల్లో చదువు జమ్మిచెట్టెక్కేది ఆడవాళ్ళదే. పాండవుల గడువు ఏడాదే. మన ఇళ్ళల్లో ఆ గడువుకు తేదీ ఉండదు. ఆ తేదీ ఏదో ఇద్దరూ కూర్చుని ముందే అనుకోవడం మంచిది.

విరాటపర్వం చివర జరిగేది పెళ్ళి. బృహన్నల దగ్గర నాట్యం నేర్చుకున్న ఉత్తర అభిమన్యుడి భార్య అయింది. యుద్ధంలో అందరూ పోయాక వంశాన్ని నిలిపిన పరీక్షిత్తు ఆమె కొడుకే. మారువేషాల్లో గడిపిన ఆ ఏడాదిలో కలిసిన బంధమే పాండవ వంశానికి చివరకు మిగిలింది.