క్షమాపణా, నీకు స్తోత్రం

ఆదోని కోట నీడలో పత్తి మూటలు మోసేవాళ్ల తరఫున, ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పొద్దస్తమానం కూర్చునేవాళ్ల తరఫున, ఉరుకుంద, కౌతాళం, కోసిగి చేలల్లో మబ్బు కోసం తలెత్తి చూసేవాళ్ల తరఫున, క్షమాపణా, నీకు స్తోత్రం. శ్రావణం వచ్చిందంటే ఈరన్న స్వామి కోసం ఇక్కడి దారులన్నీ జనంతో నిండిపోతాయి. గుండె బరువు ఎక్కడో ఒకచోట దించుకోవాలనే మనిషి ఆరాటం ఈ నేలకు కొత్త కాదు. ఆ నేల మీదే, పేట చివరి చిన్న చర్చిలో, చాప మీద మోకాళ్లూని "నా పాపం క్షమించు ప్రభువా" అంటూ గొంతు పూడుకుపోయేవాళ్లున్నారు. వాళ్ల కన్నీళ్లలో తడిసిన స్తోత్రం ఇది.

నువ్వు చాలా దూరం నడిచి మా మాటలోకి వచ్చావు. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డిగ్రాంజ్‌లు, ఆనందరాయర్ అనే ఆయన తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. ఆ మిషనరీల్లో 1809లో ఒకరు, 1810లో ఒకరు, ఇద్దరూ అచ్చు ప్రతి చూడకుండానే కన్నుమూశారు. 1812లో శ్రీరాంపురంలో అచ్చయిన ఆ తొలి సువార్తల్లో లూకా ఉంది. తప్పిపోయిన కుమారుడు అందులోనే ఉన్నాడు. సుంకరి జక్కయ్య అందులోనే ఉన్నాడు. సిలువ మీద చివరి గడియలో తలుపు తెరుచుకున్న దొంగ అందులోనే ఉన్నాడు. పాపుల కథలన్నీ పోగేసుకుని తెలుగువాళ్ల చేతికి వచ్చిన క్షమాపణా, నీకు స్తోత్రం.

తప్పిపోయిన కుమారుణ్ణి మా సీమకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. వానలు మోసం చేసిన ఏడాది ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లాపాపలతో, సద్దిమూటలతో జనం సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఆ పోవడం పాపం కాదు, అది పొట్టకూటి బాధ. కానీ దూరదేశమంటే ఏమిటో, పరాయి పొలంలో ఆకలంటే ఏమిటో వాళ్లకు తెలుసు. అరుగు మీద మిగిలిపోయి, బస్సు వచ్చే దిక్కే చూసే ముసలి తండ్రి ఎవరో కూడా తెలుసు. లూకా చెప్పిన తండ్రి ఇంకా దూరంలో ఉండగానే కొడుకును గుర్తుపట్టాడు. ఊరంతా చూస్తుండగా, పెద్దరికం పక్కనబెట్టి పరుగెత్తాడు. కొడుకు దారి పొడుగునా వల్లెవేసుకున్న మాట ఇంకా పూర్తి కాలేదు, అంగీ తెమ్మన్నాడు, ఉంగరం తెమ్మన్నాడు, కాళ్లకు చెప్పులు తొడగమన్నాడు.

ఆ చెప్పుల దగ్గర నా మనసు ఆగిపోతుంది. కూలివాడిగానైనా ఉండనిమ్మని అడగాలనుకుని వచ్చినవాడి ఉత్త కాళ్లకు చెప్పులు! పెద్దల వీధిలో చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచిన తాతలు మా పేటల్లో ఉండేవారు. ఆ చెప్పులు ఎంతటి క్షమాపణో వాళ్లకు తెలిసినంతగా ఏ పండితుడికి తెలుసు? తప్పు మాఫీ చేసి పంపేవాళ్లు చాలామంది. నువ్వైతే, క్షమాపణా, బిడ్డ అనే హక్కే తిరిగి ఇస్తావు. నీకు స్తోత్రం.

పాపానికి కొమ్ములుండవు. తూకంలో తగ్గిన సోల పాపం. రాత్రికి రాత్రి జరిగిన గట్టు పాపం. సారాకొట్టులో ఒలికిపోయిన భార్య కూలి డబ్బు పాపం. దావీదు రాజు పొరుగువాడి ఇల్లు కూల్చి కూడా నిబ్బరంగా సింహాసనం మీద కూర్చున్నాడు. నాతాను ప్రవక్త వచ్చి పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్ల కథ చెప్పాడు. ఎవడా దుర్మార్గుడని రాజు మండిపడ్డాక, ఆ వేలు రాజు వైపే తిరిగింది. గొర్రెలు మేపి బతికే ఈ సీమలో ఆ గొర్రెపిల్ల విలువ అందరికీ తెలుసు. మమ్మల్ని మాకు చూపించే ఆ వేలికీ స్తోత్రం. అది తిరగకపోతే నీ గడప ఎక్కే దారే మాకు దొరకదు.

ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం ఒప్పుకోలు ప్రార్థన అయ్యాక, బల్ల దగ్గరకు లేవకముందు, ఆడవాళ్ల వరుసలో ఒక్కోసారి చిన్న కదలిక కనిపిస్తుంది. ఒకామె కొంగు సర్దుకుని లేచి, మాటల్లేని తోడికోడలి పక్కకు పోయి కూర్చుంటుంది. "అక్కా, నాదే తప్పైంది." అవతలామె కాసేపు పలకదు. తర్వాత కాస్త జరిగి, "సరిగ్గా కూకో పాపా" అంటుంది. అంతే. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమన్న ప్రభువు మాట, ఆ జానెడు చోటులో నెరవేరింది.

1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో పడుగు పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపుతాడు. ఆ ఒక్క పోగును వెతికి, రెండు కొసలూ వేళ్ల మధ్య కలిపి, మళ్లీ నాడె ఆడిస్తాడు. అతుకు బట్టలోనే ఉంటుంది, నేత సాగుతుంది. క్షమాపణా, నీ పని అదే. జరిగింది జరగలేదనవు. లేచి వచ్చిన ప్రభువు చేతుల్లోనూ గాయాల గుర్తులు ఉండనే ఉన్నాయి.

అయితే నిన్ను అడ్డం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. కొట్టినవాడు చెయ్యి దించకుండానే దెబ్బ తిన్నవాడికి క్షమించమని నీతి చెబుతాడు. ఒకే ప్రభువు బల్లకు వచ్చి, మాల మాదిగ తేడాలు మాత్రం సమాధుల దాకా మోసుకుపోయేవాళ్లం మేమూ ఉన్నాం. నువ్వంత చౌక కావు. జక్కయ్య ఇంట నువ్వు అడుగుపెట్టగానే అతడి పెట్టె తెరుచుకుంది. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నువ్వు ఉచితమే, నిన్ను అందుకున్న చెయ్యి మాత్రం మునుపటిలా గుప్పిట మూసుకుని ఉండలేదు.

కాబట్టి మమ్మల్ని మోకాళ్ల మీద ఏడవనివ్వు, ఏడ్చాక లేపు. జరిపిన గట్టు మా చేతులతోనే సరిచేయించు. ఎగ్గొట్టిన కూలి మా చేతులతోనే ఇప్పించు. దెబ్బ తిన్నవాళ్లు క్షమించేదాకా ఓర్చుకునే ఓపిక మాకివ్వు, క్షమించేవాళ్లకు తలెత్తుకుని బతికే చోటివ్వు. నీ ముందు పాపం ఒప్పుకున్న ఈ నోటితోనే పొరుగు మనిషిని "అన్నా" అని పిలవనివ్వు.