ఊడలు దిగనిస్తేనే మర్రి

సూర్యాపేట పక్కన పిల్లలమర్రి అంటే గుళ్లు. 1208 నాటి ఎరకేశ్వరాలయం అక్కడిదే. పాలమూరు పిల్లలమర్రి అంటే మాత్రం చెట్టే. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రి దాదాపు మూడెకరాలు కమ్ముకుంది. దాని నీడలోనే ఒక దర్గా ఉంది.

మర్రి బతుకంతా ఊడల్లోనే ఉంది. కొమ్మ నుంచి జారిన ఊడ నేలను తాకి, లావెక్కి, మరో మాను అవుతుంది. కొమ్మ బరువు మోస్తుంది, దానికి నీరూ అందిస్తుంది. అసలు మొదలు పుచ్చిపోయినా చెట్టు నిలబడేది ఇందువల్లే. లేత ఊడలను తెంపేస్తే, కింద నేలను గట్టిపరిస్తే పొడవాటి కొమ్మకు ఆసరా ఉండదు. పాలమూరులో 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలింది. లోపలంతా చెదలు. 2018లో అటవీ సిబ్బంది చెదల మందును నీళ్లలో కలిపి, సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మలకు చుక్క చుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అక్కడ లేత ఊడలకు వెదురు బొంగులు తొడిగి నేలదాకా దించుతారు. ఇంత ఓపికగా చేసే సేవకు మించిన పూజ ఏముంది?

మన ఊళ్లలో రావినీ వేపనూ జంటగా నాటి పెళ్లి చేస్తారు. చుట్టూ గద్దె కడతారు. రాళ్లు పేర్చి మట్టితో కట్టిన పాత గద్దెల్లో వాన నీరు ఇంకేది. ఇప్పుడు మొదలు దాకా సిమెంటు, పైన టైల్సు. భక్తితోనే వేస్తున్నారు, కానీ వేళ్లకు గాలి ఆడదు. మొదలు చుట్టూ ఒక బారెడు మట్టి వదిలితే చాలు. పసుపు కుంకుమలతో చెట్టుకు నొప్పి లేదు. మేకులు, తొర్రలో పెట్టే దీపాలు మాత్రం వద్దు.

జమ్మి గురించి నాకు ఎక్కువ దిగులు. దసరా సాయంత్రం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో జమ్మికి మొక్కి, ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు దండం పెడతారు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. కానీ అది మెట్టనేల చెట్టు. సాగర్ ఎడమ కాల్వ నీటితో వరి మళ్లు పరుచుకున్న చోట దానికి తావెక్కడ? చెట్టు దొరకని చోట ఎక్కడిదో కొమ్మ నరికి తెచ్చి పాతి మొక్కుతున్నారు. పండుగ చెట్టునే తినేస్తోంది.

పోయిన చెట్టును మళ్లీ నాటుకున్నవాళ్లూ ఉన్నారు. చైనాలోని తైషాన్ కొండపై క్రీ.పూ. 219లో చిన్ షి హువాంగ్ చక్రవర్తి వానకు ఒక చెట్టు కింద తలదాచుకుని, దానికి అధికారి హోదా ఇచ్చాడంటారు. ఆ చెట్టు పోయింది. 1730 ప్రాంతంలో అక్కడే పైన్ చెట్లు మళ్లీ నాటారు. జనం ఇప్పటికీ వాటిని చూడటానికి మెట్లెక్కుతారు.

మనమూ నాటుకోవచ్చు. జమ్మి గింజలు రాత్రంతా నానబెట్టి విత్తితే మొలుస్తాయి. దాని తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది. సంచిలో ఎక్కువ కాలం ఉంచితే వేరు చుట్టుకుపోతుంది, అందుకే తొలకరికే నేలలో పెట్టాలి. నీరు నిలవని గట్టు చూసుకుని, మేకలకు అందకుండా ముళ్లకంప కట్టాలి.