పాత ఫ్రేముకు కొత్త సొగసు

పాత ఇనుప సామాన్ల కొట్టులో మూలన పడి ఉన్న 28 అంగుళాల సైకిలు చేయి తిరిగినవాడికి సగం పూర్తయిన పనిలా కనిపిస్తుంది. 1949లో మద్రాసులో పుట్టిన టీఐ సైకిల్స్, 1956లో లూధియానాలో మొదలైన హీరో ఇలాంటివి లక్షల్లో తయారుచేశాయి. ఆ ఉక్కు ఫ్రేమును తుప్పు లోపలిదాకా తినకపోతే ఇంకో తరానికీ పనికొస్తుంది.

మిగతాదంతా చేతిపనే. పల్చటి చెక్క పట్టీలను జిగురుతో పొరలుగా అతికించి, అచ్చు మీద బిగించి ఆరబెడితే మడ్‌గార్డు. పాత తోలు సంచి కత్తిరించి కుడితే గ్రిప్పులు. రేకు ముక్కతో చైన్ కవరు.

అసలు పనితనం మాత్రం చక్రం దగ్గరే తెలుస్తుంది. ముందు చక్రానికి 32, వెనక దానికి 40 పుల్లలు. చక్రం తిప్పుతూ రిమ్ముకు ఆనీ ఆనకుండా సుద్దముక్క పట్టుకుంటే, వంకర ఉన్నచోట తెల్లగీత పడుతుంది. అక్కడ అవతలి వైపు పుల్లను పావుచుట్టు బిగించి, ఇవతలి దాన్ని అంతే వదలాలి. మళ్లీ తిప్పాలి, మళ్లీ చూడాలి. ఎంత ఓపిక!

కడ్డీ బ్రేకులు చూడముచ్చటగా ఉంటాయి గానీ వానకు ఉక్కు రిమ్ము తడిస్తే వాటి పట్టు తగ్గిపోతుంది. కాబట్టి పొదుపంతా అలంకారంలో చూపించండి. ఫోర్కు, హ్యాండిలు, బ్రేకు రబ్బర్లు మాత్రం కొత్తవే కొనండి.