వోల్టేరు నమ్మిన కూటవేదము

పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాఖండమునందు హేతువాదమునకు పెట్టనికోటయై నిలిచినవాడు ఫ్రెంచి రచయిత వోల్టేరు. మతగురువుల పెత్తనమును, రాజుల నిరంకుశత్వమును, ప్రజల మూఢవిశ్వాసములను అరువది యేండ్లపాటు తన కలముతో నెదిరించినవాడు. అట్టివాడు దక్షిణదేశమునుండి తనకు చేరిన యొక వ్రాతప్రతిని ప్రాచీన వేదవ్యాఖ్యగా నమ్మి, లోకమునకు చాటి, చివరకు మోసపోయినవాడయ్యెను. ఆ మోసమును బయటపెట్టినవారిలో ముఖ్యుడు తెలుగు భాషాచరిత్రతో విడదీయరాని సంబంధము గల పండితుడు. కావున ఈ వృత్తాంతము పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. తెలుగువారును దీనిని తమదిగా తలచి విచారింపవలసియున్నది.

వోల్టేరు 1694లో పారిసు నగరమున జన్మించెను. రాజప్రతినిధిని ఎత్తిపొడిచిన పద్యములు వ్రాసెనని 1717లో ఆయనను బాస్తీలు కోటలో పదునొకండు మాసములు బంధించిరి. 1726లో ఒక ప్రభువుతో వచ్చిన తగవువలన మరల చెరసాలకు, అటుపిమ్మట ఇంగ్లండునకు పోవలసివచ్చెను. అచ్చట ఆయన చూచినది వేరొక లోకము. రాజు చేతికి హద్దులు గీచిన పార్లమెంటు, లాకు తత్త్వము, న్యూటను శాస్త్రము, తమతమ రీతుల దైవమును కొలుచుకొను పలు మతశాఖలు ఆయనను ఆకర్షించినవి. ఈ యనుభవములను వివరించు గ్రంథము ఫ్రెంచి భాషలో 1734లో వెలువడగా పారిసు న్యాయస్థానము దానిని తగులబెట్టించెను.

ఆ గ్రంథమునందలి ముఖ్యాభిప్రాయ మొక్కటి గమనింపదగినది. ఒకే మతము ఏలునెడ నిరంకుశత్వము పుట్టును. రెండు మాత్రమే యున్నచో కత్తులు దూసికొనును. పెక్కులున్నచోట దేనికిని పెత్తనము చెల్లక అన్నియు కలిసి బ్రదుకును. లండను వర్తకశాలలో వేర్వేరు మతములవా రొకరినొకరు నమ్మి బేరము లాడుకొనుట ఆయనకు ఆశ్చర్యము గొల్పెను. బెంగుళూరు చిక్కపేటలో కన్నడము, తెలుగు, తమిళము, ఉర్దూ, మరాఠీ కలగలిసి వినవచ్చు వీథిలో పెరిగినవానికి ఇది వింతగా తోచదు. ఆనాటి ఫ్రాన్సులో మాత్రము ఇది తిరుగుబాటు మాట.

మతవిషయమున వోల్టేరు నాస్తికుడు కాడు. గడియారమును చూచినపుడు దానిని చేసినవాడొక డున్నాడని తోచునట్లు, జగత్తును చూచినపుడు కర్త యొక డున్నాడని ఆయన యెంచెను. ఆయన ద్వేషించినది దైవమును కాదు. దైవముపేర సాగు క్రౌర్యమును. 1762 మార్చి 10న తులూజు నగరమున జాన్ కాలాస్ అను ప్రొటెస్టెంటు వర్తకుని చక్రమున గట్టి ఎముకలు విరుగగొట్టి చంపిరి. కాథలిక్కు మతమున చేరనున్న కుమారుని తండ్రియే చంపెనన్నది నేరారోపణ. సాక్ష్యము లేదు, పుకారు మాత్రమే యున్నది. వోల్టేరు ఆ కాగితములన్నియు తెప్పించుకొని, పరిశీలించి, 1763లో మతసహనమునుగూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, మూడేండ్లు పోరాడెను. 1765 మార్చి 9న కాలాస్ నిర్దోషి యని పారిసున తీర్పు వెలువడెను. చనిపోయినవాడు తిరిగి రాలేదు. కాని కుటుంబమునకు మచ్చ తొలగెను.

ప్రభుత్వవిషయమున ఆయన యభిప్రాయములు ఇంత నిష్కళంకములు కావు. ప్రజాపాలనమునందు ఆయనకు నమ్మకము తక్కువ. వివేకవంతుడైన రాజు వివేకవంతుల సలహాతో ఏలుటయే మేలని యెంచి, ప్రష్యారాజు ఫ్రెడరిక్ కొలువున 1750 మొదలు 1753 వరకు ఉండి, మనసు విరిగి తిరిగివచ్చెను. రష్యా రాణి కాథరిన్‌తో లేఖలు నడపెను. పొలము దున్నువానికి చదువక్కరలేదన్న యొక మిత్రుని వాదమును 1763 నాటి లేఖలో మెచ్చుకొనెను. హేతువు మానవులందరి సొత్తని బోధించినవాడే దానిని కొందరి యింటి దీపముగా చేసెను. అందరును చదువుకొననిచో పుకారును నమ్మి కాలాస్‌ను చంపించిన జనము మారుటెట్లు? ఈ ప్రశ్నకు వోల్టేరు రచనలలో తృప్తికరమైన సమాధానము కనబడదు. తన ఫెర్నీ గ్రామమున ఉభయ మతములవారిని చేర్చి గడియారముల పరిశ్రమ నెలకొల్పుట, తుదిదినములలో జ్యూరా కొండలయందలి దాసకృషీవలుల పక్షమున వాదించుట ఆయన సుగుణములలో చేర్పవలసినవే. అయినను ఆ లోపము లోపమే.

వోల్టేరు దృష్టి భారతదేశమువైపు మరలుటకు కారణములు రెండు. ఒకటి రాజకీయము. ఆయనకు ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీలో వాటా లుండెను. ఆ కాలముననే తెలుగునాట ఫ్రెంచివారి ప్రాబల్యము సాగుచుండెను. 1753లో ఉత్తర సర్కారులు వారి వశమైనవి. 1757 జనవరి 24న బొబ్బిలికోట కూలినపుడు విజయరామరాజు ప్రక్కనున్నది బుస్సీ సైన్యమే. 1758లో పుదుచ్చేరికి వచ్చిన లాలీ సేనాని బుస్సీని దక్కనునుండి వెనుకకు పిలిపించెను. ఆ యేడు డిసెంబరులో చందుర్తివద్ద, మరుసటి యేడు ఏప్రిలులో మచిలీపట్టణమున ఇంగ్లీషు సేనాని ఫోర్డు గెలిచెను. సర్కారులు ఫ్రెంచివారి చేజారినవి. 1761లో పుదుచ్చేరియు పడిపోయెను. నేరమంతయు లాలీపై మోపి, 1766 మే 9న నోట గుడ్డ క్రుక్కి పారిసున శిరచ్ఛేదము గావించిరి. ఓడిపోవుట ద్రోహము కాదని వోల్టేరు వాదించి, 1773లో భారతదేశ విషయములను, లాలీ వృత్తాంతమును గూర్చి గ్రంథము వ్రాసెను. 1778లో ఆ తీర్పు రద్దయిన వార్త మరణశయ్యపైనున్న ఆయనకు చేరెను. నాలుగు దినములకు, మే 30న, ఆయన కన్నుమూసెను.

రెండవ కారణము మతము. ఇచ్చట కథ బెంగుళూరు పొలిమేరకు వచ్చును. పదునెనిమిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఫ్రెంచి జెసూట్ మతగురువులు కర్ణాట మిషన్ పేర పుంగనూరు, బళ్ళాపురము, వెంకటగిరి మొదలగు తావుల నివసించిరి. ఆ సీమలో జనవ్యవహారము చాలవరకు తెలుగున నడచుటచే వారును తెలుగు నేర్చిరి. వారిలో కాల్మెత్ అను గురువు సంస్కృతమునుకూడ అభ్యసించి, 1730 తరువాతి యేండ్లలో వేదగ్రంథముల ప్రతులను సంపాదించి పారిసు రాజగ్రంథాలయమునకు పంపెను. అవి నిజమైన వేదములు. కాని వానిని చదువగలవా డొక్కడును ఆనాడు పారిసున లేకుండుటచే అవి బీరువాలలో మౌనముగా నుండిపోయినవి.

1760లో దక్షిణభారతమునుండి తిరిగివెళ్ళిన మోదావ్ అను సైనికాధికారి వోల్టేరునకు ఫ్రెంచి భాషలోనున్న యొక వ్రాతప్రతిని ఇచ్చెను. దానిపేరు ‘ఎజూర్‌వేదము’, అనగా యజుర్వేదమను మాటకు వికృతరూపము. వ్యాసునకును సుమంతునకును నడచిన సంవాద మది. వ్యాసుడు పౌరాణిక దేవతలను, విగ్రహారాధనమును సమర్థింపగా, సుమంతుడు ఒక్కొక్కదానినే ఖండించి ఏకేశ్వరుని బోధించును. శ్రీరంగమునందలి ప్రధానార్చకుడు దీనిని సంస్కృతమునుండి ఫ్రెంచిలోనికి మార్చెననియు, మూలము అలెగ్జాండరు దండయాత్రకు పూర్వముదనియు వోల్టేరు నమ్మెను. 1761లో ఆ ప్రతిని అమూల్యవస్తువుగా రాజగ్రంథాలయమున కర్పించెను. నిజమైన వేదము లెవ్వరును తెరువక పడియున్న ఆ గ్రంథాలయముననే కూటవేదమునకు స్వాగతము లభించెను. విధివిలాస మనగా నిదియే.

వోల్టేరునకు ఈ గ్రంథము ఒక ఆయుధముగా కనబడెను. మోషేకు పూర్వమే బ్రాహ్మణులు నిర్మలమైన ఏకేశ్వరవాదమును ఎరుగుదురని చూపగలిగినచో, సత్యము తమయొద్దనే పుట్టెనన్న మతగురువుల వాదము కూలును. 1765లో ప్రకటించిన చరిత్రతత్త్వ గ్రంథమున, ఇతర రచనలలోను ఆయన దీనిని ఉపయోగించుకొనెను. కాని యా గ్రంథము జెసూట్ గురువుల పరిసరములలోనే పుట్టినది! హిందువులను తమ మతమునకు మరల్చుటకై వారు నూరిన కత్తిని, అది కత్తియని తెలియక, వోల్టేరు తిరిగి వారిపైననే దూసెను.

1782లో యాత్రికుడు సొన్నెరా ఇది మతప్రచారకుని కల్పనయని వ్రాసెను. శాస్త్రీయమైన పరిశీలనము చేసినవాడు మద్రాసు సివిలు ఉద్యోగి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. ఆయన పుదుచ్చేరిలో మిషన్ వారియొద్ద ఎజూర్‌వేదమునే కాక, ఆ కోవకు చెందిన ఇతర కూటవేదములను కూడ చూచి, మాటల స్పెల్లింగును, ఉచ్చారణను, భావములను వేదవాఙ్మయముతో సరిపోల్చి, అవి వేదములు కావని తేల్చెను. 1819లో ఆయన మరణించినపిదప, 1822లో ఆ వ్యాసము ఏషియాటిక్ రిసెర్చెస్ సంపుటమున వెలువడెను. కర్త రాబర్టో డి నోబిలి యని ఎల్లిస్ ఊహించెను. తరువాతి పండితులు దాని నంగీకరింపలేదు. 1984లో లూడో రోషే ఆ గ్రంథమును పరిష్కరించి, అది ఫ్రెంచి జెసూట్ల నడుమ పుట్టినదనియు, ఫలానివాడే కర్తయని నిర్ణయింప వీలుకాదనియు వివరించెను. పరీక్షించినవాని మాటయు పరీక్షకు లోనగుటయే విద్యాధర్మము.

ఈ ఎల్లిస్ తెలుగువారికి కొత్తవాడు కాడు. 1816లో మద్రాసున ప్రకటితమైన కాంబెలు తెలుగు వ్యాకరణమునకు ఆయన వ్రాసిన ప్రవేశికయందే తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో కలిసి వేరొక కుటుంబమునకు చెందినదనియు మొదటిసారి సోపపత్తికముగా నిరూపింపబడెను. మద్రాసు సెంట్ జార్జి కోట కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికయు, మచిలీపట్టణ వాస్తవ్యుడు మామిడి వెంకయ్య పాండిత్యమును ఆ నిరూపణమునకు ఆధారములైనవి. సర్వభాషలకు సంస్కృతమే తల్లియను మాట ఆనాడు పలువురికి గౌరవప్రదముగా తోచుచుండెను. ఎల్లిస్ గౌరవమును చూడలేదు, ధాతువులను చూచెను. ఒక మనస్తత్వమే కూటవేదమును బయటపెట్టినది, తెలుగుభాష నిజకుటుంబమును కనుగొన్నది.

ఇక వోల్టేరు తప్పును తూచవలెను. ఆయన పక్షమువారు చెప్పునది సమంజసముగానే యుండును: ఐరోపాలో ఆనాడు సంస్కృత మెరిగినవారు దాదాపు లేరు, విల్కిన్సు భగవద్గీతానువాదము 1785లో గాని వెలువడలేదు, కావున ఆయన మోసపోవుటలో వింత లేదు. కాని భాష రాకున్నను ప్రశ్న వేయవచ్చును. మోషే వ్రాసినవని చెప్పబడు గ్రంథములలో మోషే మరణము వర్ణింపబడుట యెట్లని ప్రశ్నించినవాడు వోల్టేరే. పురాణములకంటె ప్రాచీనమనదగిన గ్రంథము పురాణకథలను ఖండించుట యెట్లని ఆయన ఏల ప్రశ్నింపలేదు? బ్రాహ్మణార్చకుడు తన దేవతలనే తెగడు గ్రంథమును పరదేశీయులకై ఫ్రెంచిలోనికి మార్చునా యని ఏల శంకింపలేదు? ఒక్కటే కారణము: మొదటి గ్రంథము ఆయనకు నచ్చలేదు, రెండవది నచ్చెను. శత్రువు సాక్ష్యమును చీల్చి చూచుట హేతువాదమున సగమే. తనకు అనుకూలమైన సాక్ష్యమును అదేవిధముగ చీల్చి చూచుటయే దానిని పూర్ణము చేయును. కాలాస్ విషయమున కాగితము కాగితమును పరిశీలించిన చేతులే ఇచ్చట ఒక్క వ్రాతప్రతిని పరిశీలింపక శిరసున దాల్చినవి.

కాలము వోల్టేరుపైనను ఇట్టి పగయే తీర్చుకొన్నది. ఎదుటివాని మాట తనకు సమ్మతము కాకున్నను, దానిని పలుకు హక్కుకై ప్రాణ మొడ్డుదునన్న భావము గల వాక్యము ఆయనదని సభలలో తరచు వినవచ్చును. ఆ వాక్యము వోల్టేరుది కాదు. 1906లో ఈవ్‌లిన్ బియాట్రిస్ హాల్ అను ఇంగ్లీషు రచయిత్రి ఆయన మనోభావమును తన మాటలలో వివరించుచు వ్రాసినది. వాక్యము మనోహరము, కావున ఎవరును మూలమును వెదకలేదు. కూటవేదమును నమ్మిన వోల్టేరును చూచి నవ్వువారు కూటవోల్టేరును నమ్మియున్నారు.

ఈ కథ బెంగుళూరు తెలుగువారికి చెప్పు నీతి స్పష్టము. ఇతర భాషల నడుమ స్వభాషను నిలుపుకొను సమాజమునకు పూర్వవైభవ కథలు ప్రీతికరములు. మన భాషయే అన్నిటికంటె పురాతనము, మన పూర్వులకు తెలియనిది లేదు అను మాటలు బాలురకు ఉత్సాహము కలిగించునని పెద్దలు తలంతురు. కాని కూటసాక్ష్యముపై నిలిచిన అభిమానము మొదటి ప్రశ్నకే కూలును. దానితోపాటు నిజమైన వైభవముకూడ శంకకు పాలగును. నిజమైనది చిన్నది కాదు. కన్నడము తెలుగునకు పొరుగింటి పరాయి కాదు, తోబుట్టువు అని 1816లోనే రుజువైనది. బడిలో తెలుగు, వీథిలో కన్నడము పలుకు బిడ్డకు ఇంతకంటె బలమైన అండ వేరొకటి యక్కరలేదు. ఆ బిడ్డ తన గురువునుకూడ ‘దీనికి ఆధారమేమి?’ యని అడుగగలిగిననాడు, వోల్టేరు కోరిన స్వేచ్ఛయు, వోల్టేరు మరచిన జాగ్రత్తయు రెండును ఆ బడిలో నెలకొన్నవని చెప్పవచ్చును.